కంప్యూటర్‌లో 14 కేసులు, గోడౌన్‌లో 11: స్టాక్ తేడాను పట్టుకునే పద్ధతి

కంప్యూటర్‌లో 14 కేసులు కనిపిస్తున్నాయి. ఆ ధైర్యంతోనే సేల్స్‌మ్యాన్ ఆర్డరు రాసుకొచ్చాడు. తీరా లోడు కట్టేవేళకు గోడౌన్‌లో 11 కేసులే దొరికాయి. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి పంచే డిస్ట్రిబ్యూటర్లలో ఈ తలనొప్పి తెలియనివాళ్లు ఉండరు. అప్పుడు చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. గోడౌన్ కుర్రాణ్ని అనుమానిస్తారు, లేదంటే కంప్యూటర్‌లో 14ను 11గా దిద్దేసి తర్వాతి పని చూసుకుంటారు. మొదటిది తొందరపాటు. రెండోది అంతకన్నా నష్టం. ఆ 3 కేసులు ఎలా తగ్గాయో చెప్పే ఆధారం దిద్దిన క్షణంలోనే చెరిగిపోతుంది, వచ్చే నెల అదే తేడా మళ్లీ వస్తుంది.

ర్యాకులో ఉన్న సరుకు తనంతట తాను తగ్గదు, పెరగదు. లారీ దించేటప్పుడు, బిల్లు కొట్టేటప్పుడు, లోడు కట్టేటప్పుడు, డెలివరీ ఆటో తిరిగొచ్చినప్పుడు, డ్యామేజీ పక్కన పెట్టినప్పుడు, అంటే సరుకు చేతులు మారే చోటే లెక్క తప్పుతుంది. దొంగతనం ఈ వరుసలో ఆఖరున వచ్చే అనుమానం. మిగతావన్నీ చూశాకే దాని జోలికి వెళ్లాలి.

కింద చెప్పేదంతా 300 నుంచి 500 ఐటెమ్‌లు, నలుగురైదుగురు పనివాళ్లు, ట్యాలీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న గోడౌన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. మందుల ఏజెన్సీకైనా, ఎలక్ట్రికల్ హోల్‌సేల్‌కైనా పెద్దగా మార్పు లేకుండా సరిపోతుంది.

ముందు తేడా అంకెను చదవండి

ర్యాకుల మధ్య వెతకడానికి పరిగెత్తే ముందు తేడా ఎంతో కాగితం మీద రాసి ఒక్క నిమిషం చూడండి. తప్పు ఏ జాతిదో చాలాసార్లు ఆ అంకెలోనే ఉంటుంది. కేసుకు 4 ఔటర్లు (కేసు లోపలి చిన్న పెట్టెలు), ఔటర్‌కు 12 పీసులు, మొత్తం 48 పీసులు ఉండే సబ్బును ఉదాహరణగా తీసుకుందాం.

తేడా సరిగ్గా 48, 96, 144 అయితే నిండు కేసులే అటూ ఇటూ అయ్యాయి. లారీ దిగినప్పుడు తక్కువ వచ్చిందో, ఒక షాపుకు ఎక్కువ వెళ్లిందో, పక్క ఐటెమ్ దొంతరలో కలిసిపోయిందో చూడాలి.

తేడా 11 లేదా దాని గుణకాలైతే యూనిట్ తప్పు. షాపుకు 5 పీసులు ఇచ్చి, బిల్లులో 5 ఔటర్లు అని కొడితే కంప్యూటర్ 60 తీసేస్తుంది, గోడౌన్‌లో తగ్గేది 5. తేడా 55, అంటే ఐదు పదకొండ్లు. పీసుకు బదులు కేసు కొడితే తేడా 47 గుణకంలో వస్తుంది, ఔటర్‌కు బదులు కేసు కొడితే 36 గుణకంలో. మీ ఐటెమ్ ప్యాకింగ్ 10 అయితే 9, 24 అయితే 23. ప్యాకింగ్ అంకెలోంచి ఒకటి తీసేయడమే సూత్రం.

తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయని అనుమానించండి. 63కు బదులు 36 కొడితే తేడా 27. సున్నా ఎక్కువ పడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. 20 బదులు 200 పడితే తేడా 180, అదీ 9తో పోతుంది. 36 అంకె మాత్రం రెండు గుంపుల్లోనూ పడుతుంది కాబట్టి అది వచ్చినప్పుడు రెండు దారులూ చూడాలి.

తేడా సరిసంఖ్య అయి, అందులో సగం ఏదో ఒక ఎంట్రీతో కచ్చితంగా సరిపోతే, ఆ ఎంట్రీ ఎదురు వైపు పడింది. షాపు నుంచి 12 వాపసు వస్తే దాన్ని సేల్స్ రిటర్న్‌గా కాక సేల్‌గా కొట్టారనుకోండి, పెరగాల్సిన 12 తగ్గింది. మొత్తం తేడా 24.

ఒక ఐటెమ్‌లో 15 తక్కువ, దాని అన్నదమ్ముల్లో ఒకదానిలో 15 ఎక్కువ కనిపిస్తే మారుపడింది. అదే సబ్బులో నిమ్మ, వేప రకాలు, 75 గ్రాములు, 100 గ్రాములు, పాత ఎంఆర్‌పీ, కొత్త ఎంఆర్‌పీ. వీటిలో ఒకటి ఇచ్చి ఇంకొకటి బిల్లు చేస్తారు. తేడాల్లో ఈ బాపతువి ఎక్కువ. అందుకే ఏ ఐటెమ్‌లో తేడా వచ్చినా దాన్ని ఒక్కదాన్నే చూడకుండా, అదే బ్రాండు ఐటెమ్‌లన్నీ ఒకేసారి లెక్కపెట్టాలి.

రెండు మూడు పీసులే తక్కువైతే లూజు అమ్మకం, శాంపిల్, ఎలుక కొట్టినవి, లేదా చేతివాటం. దీని సంగతి తర్వాత చెబుతాను.

గోడౌన్‌లో లెక్క కన్నా ఎక్కువ సరుకు ఉన్నప్పుడు సంబరపడేవాళ్లున్నారు. సంబరపడాల్సిందేం లేదు. కొనుగోలు బిల్లు ఎక్కించలేదో, ఒక షాపుకు బిల్లు వేసి సరుకు ఇవ్వలేదో అయి ఉంటుంది. రెండోదైతే ఆ షాపాయన వసూళ్ల రోజున బిల్లు చేతిలో పట్టుకుని కూర్చుంటాడు.

వెనక్కి వెతకడం

అంకె దారి చూపకపోతే వరుసగా వెతకాలి. మొదటి ప్రశ్న: ఈ ఐటెమ్ చివరిసారి ఎప్పుడు సరిపోయింది? ఆ తేదీ నుంచి ఇవాళ్టిదాకా జరిగిన ఎంట్రీలు మాత్రమే చూస్తే చాలు. రోజూ కొన్ని ఐటెమ్‌లు లెక్కపెట్టే గోడౌన్‌లో, ఎక్కువ అమ్మకం ఉన్న ఐటెమ్‌లకు ఈ గడువు పది పదిహేను రోజులే ఉంటుంది. ఏడాదికోసారి మార్చిలో లెక్కపెట్టేవాళ్లకు అది పన్నెండు నెలలు, అంటే వెతకడం అసాధ్యం.

ఇద్దరు మనుషులు విడివిడిగా మళ్లీ లెక్కపెట్టండి. ర్యాకు ఒక్కటే కాదు, లూజు అర, డ్యామేజీ మూల, వాపసు వచ్చిన సరుకు పెట్టే చోటు, ఇంకా దించని ఆటో, ఆఫీసు బల్ల కింద ఉన్న శాంపిల్ పెట్టె అన్నీ చూడాలి. తర్వాత కాగితాలు: బిల్లయి డెలివరీ కానివి, లారీ దిగి ఎంట్రీ కానివి, చేతిరాత చీటీ మీద ఉండిపోయిన వాపసులు. ఈ మూడు కట్టలూ సాఫు చేస్తే చాలా తేడాలు ఇక్కడే తేలిపోతాయి.

అప్పటికీ తేలకపోతే ఆ ఐటెమ్ లెడ్జర్‌ను, అంటే దాని రాకపోకల ఎంట్రీలన్నీ ఉన్న ఖాతాను, ఎక్సెల్‌లోకి తీసి, తేదీ ప్రకారం కాకుండా పరిమాణం ప్రకారం పేర్చండి. రోజూ 6, 12, 24 పోయే ఐటెమ్‌లో 144 కొట్టిన బిల్లు పైకి తేలుతుంది. ఆ షాపు అంత కొనేదేనా అని సేల్స్‌మ్యాన్‌ను అడిగితే నిమిషంలో తేలుతుంది.

లారీ దగ్గర

కొనుగోలు తప్పులు తక్కువసార్లు వస్తాయి గానీ వస్తే పెద్దవి, ఒకేసారి కేసులకు కేసులు. హమాలీలు దించుతుంటే పక్కన నిలబడి నోటితో లెక్కపెట్టడం మానండి. ఫోను మోగితే లెక్క పోతుంది. దించిన సరుకును ఒక్కో ఐటెమ్ ఒక్కో దొంతరగా, ప్రతి వరసలో సమానంగా పేర్పించండి. వరసకు 8, ఎత్తు 5 వరసలు, పైన 3 అంటే 43. దూరం నుంచి చూసినా సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త: కేసులను అడ్డంగా, నిలువుగా మార్చి పేరుస్తున్నప్పుడు మధ్యలో ఖాళీ మిగలొచ్చు. వరసకు 9 అనుకున్నది నిజానికి 8 కావచ్చు. మొదటి వరస పేర్చగానే పైనుంచి చూసి ఖరారు చేసుకోవాలి.

ఇన్‌వాయిస్‌లో ఎంత ఉందో దించుకునే మనిషికి ముందుగా చెప్పకండి. ‘50 రావాలి’ అని తెలిసినవాడి లెక్క 50 దగ్గరే ఆగుతుంది. అతను తన లెక్క రాసిచ్చాక మీరు ఇన్‌వాయిస్‌తో పోల్చాలి.

సీలు వేసిన కేసులో లోపల తక్కువ ఉండటం కొత్తేమీ కాదు. అన్నీ విప్పలేం, తూకం వేయొచ్చు. 100 గ్రాముల సబ్బులు 72 ఉండే కేసులో రెండు తగ్గితే 200 గ్రాములు తేలికవుతుంది. 50 గ్రాముల తేడా చూపే ప్లాట్‌ఫాం కాటా ఉంటే పట్టేయొచ్చు. లోడుకు పది కేసులు అక్కడక్కడా తీసి తూచండి. అయితే అచ్చువేసిన బరువుతో పోల్చకండి. సబ్బు నిల్వలో తేమ పోగొట్టుకుని తేలికవుతుంది, అట్టపెట్టె వానాకాలంలో తేమ పీల్చి బరువెక్కుతుంది. అదే బ్యాచ్ కేసులను ఒకదానితో ఒకటి పోల్చి, గుంపులోంచి తేలికగా ఉన్నదాన్ని విప్పి చూడాలి.

తక్కువ వచ్చినా, తడిసినా, నలిగినా డ్రైవరు కదలకముందే ఎల్‌ఆర్ (ట్రాన్స్‌పోర్టువాళ్ల లారీ రసీదు) కాపీలన్నింటి మీదా ‘2 కేసులు తక్కువ, 1 తడిసింది’ అని ఐటెమ్ పేరుతో రాసి, డ్రైవరు సంతకం తీసుకుని, లారీ నంబరు కనిపించేలా ఫొటో తీయండి. ‘సరుకు సరిగా ముట్టింది’ అనే అచ్చు ముద్ర కింద ఊరికే సంతకం పెట్టేస్తే తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు. ట్రాన్స్‌పోర్టు మీద కోర్టుకెక్కాల్సి వస్తే 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. సరుకు మీకు చేరిన తేదీ నుంచి కాదు.

50 కేసుల ఇన్‌వాయిస్, వచ్చింది 48. ఎంట్రీ ఎలా? చాలామంది 50 ఎక్కించేసి, క్లెయిమ్ వచ్చాక చూద్దాంలే అంటారు. ఆ రెండు కేసులూ అమ్మకానికి ఉన్నట్టే కంప్యూటర్ చూపిస్తుంది. ట్యాలీలో ‘షార్టేజ్ క్లెయిమ్’ పేరుతో ఉత్తుత్తి గోడౌన్ ఒకటి సృష్టించి 2 కేసులు అందులో, 48 అసలు గోడౌన్‌లో ఎక్కించండి. కంపెనీ నుంచి క్రెడిట్ నోట్ (ఆ సొమ్ము మీ బాకీలోంచి తగ్గించినట్టు ఇచ్చే కాగితం) రాగానే ఆ రెండూ తీసేయాలి. అందని సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) చెల్లదు. సరుకు ముట్టి ఉండాలనేది జీఎస్టీ చట్టంలో 16(2) సెక్షను షరతు. ఆ రెండు కేసుల పన్ను సంగతి కూడా ఆ నెలే మీ ఆడిటరుకు చెప్పాలి.

యూనిట్లు, స్కీములు, ఎంఆర్‌పీలు

ఐటెమ్ మాస్టర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఐటెమ్ వివరాలు నింపే చోట, మూల యూనిట్ మామూలుగా పీసే ఉండాలి. కేసు, ఔటర్ దాని మీద కట్టిన యూనిట్లు. కంపెనీ ప్యాకింగ్ మార్చినప్పుడు, అంటే 48 పీసుల కేసు 40 అయినప్పుడు, పాత ఐటెమ్‌లోనే అంకె మార్చకండి. పాత స్టాకు ఉండగా మారిస్తే కేసుల లెక్కంతా చెదిరిపోతుంది. కొత్త ఐటెమ్ తెరిచి, పాతది అయిపోయేదాకా రెండూ నడపండి. చాక్లెట్లు, షాంపూ సాచెట్ల లాంటివి పీసుల్లో లెక్కపెట్టడం దండగ. జార్లు, స్ట్రిప్పుల లెక్కన పెట్టుకోండి.

స్కీమ్ తేడా నెమ్మదిగా పేరుకుంటుంది. డజనుకు 1 ఫ్రీ ఉన్నప్పుడు షాపాయన 24 తీసుకుంటే బయటికి వెళ్లేవి 26. బిల్లులో 24 మాత్రమే పడితే ప్రతి బిల్లుకూ 2 కనిపించకుండా పోతాయి. నెల తిరిగేసరికి ఆ ఐటెమ్ తరుగు, నెల అమ్మకాన్ని 12తో భాగిస్తే వచ్చేదానికి దగ్గర్లో ఉంటే దొంగను వెతకొద్దు, బిల్లింగ్ చూడండి. ట్యాలీలో యాక్చువల్ (నిజంగా వెళ్లింది), బిల్డ్ (బిల్లయింది) అని రెండు పరిమాణాల గడులు తెరిచే సదుపాయం ఇందుకే ఉంది. యాక్చువల్ 26, బిల్డ్ 24. స్కీమ్ మొదలయ్యే రోజు, ముగిసే రోజు బిల్లింగ్ కుర్చీ ముందు చీటీ అంటించి ఉండాలి. ముగిశాక కూడా అలవాటు కొద్దీ ఫ్రీ ఇచ్చేస్తూనే ఉంటారు.

2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగినప్పుడు ఒకే సరుకు రెండు ధరలతో గోడౌన్లలో పక్కపక్కనే ఉండిపోయింది. ఒక్క ఐటెమ్ పేరు కింద రెండు ఎంఆర్‌పీలు నడిపినవాళ్లకు మొత్తం సరిపోయినా ఏది ఎంత ఉందో తెలియలేదు. ధర మారినప్పుడల్లా ఇదే కథ. బ్యాచ్ సదుపాయం ఆన్ చేసి, బ్యాచ్ పేరులోనే ఎంఆర్‌పీ రాయండి. ర్యాకులో రెండు ధరల మధ్య ఒక అట్టముక్క నిలబెట్టి, దాని మీద మార్కరుతో ధర రాయించండి. ఖరీదైన లేబుల్ ప్రింటర్ అక్కర్లేదు.

పొద్దున లోడు, సాయంత్రం వాపసు

తేడాలకు అసలు పుట్టిల్లు ఇది. బిల్లుల ప్రకారం ఒక్కో షాపు సరుకు విడివిడిగా తీస్తే ర్యాకు దగ్గరికి నలభై సార్లు తిరగాలి, నలభై సార్లు తప్పుకు అవకాశం. బీటు (ఆ రోజు ఆటో తిరిగే షాపుల వరుస) మొత్తానికి లోడ్ షీట్, అంటే ఎక్కించాల్సిన సరుకు జాబితా, తీసి, ఐటెమ్ చొప్పున ఒకేసారి సరుకు బయటికి తెచ్చి, తర్వాత షాపుల వారీగా విడదీయాలి. షీట్‌లో ఐటెమ్‌లు అక్షరక్రమంలో కాకుండా ర్యాకుల వరుసలో ఉండేలా పెట్టించుకోండి. విడదీయడం పూర్తయ్యాక కింద ఏమీ మిగలకూడదు, ఏదీ తగ్గకూడదు. తగ్గితే ఆ పూటే, ఆటో కదలకముందే, తెలుస్తుంది.

సరుకు తీసినవాడే సరిచూడకూడదు. మనుషులు తక్కువైతే ఆటో డ్రైవరు చేత సరిచూయించి లోడ్ షీట్ మీద సంతకం చేయించండి. అతని సంతకం ఉంటేనే సాయంత్రం లెక్క అడగగలరు.

సాయంత్రం సమీకరణం ఒకటే: ఎక్కించింది, దానిలోంచి సంతకమైన బిల్లుల సరుకు తీసేస్తే మిగిలింది ఆటోలో ఉండాలి. షాపు మూసి ఉంది, డబ్బు లేదన్నాడు, సగమే తీసుకున్నాడు అనే బిల్లులు రోజూ ఉంటాయి. ఈ సరుకును తిన్నగా ర్యాకులో పెట్టనివ్వకండి. నేల మీద పసుపు రంగు గీత గీసి ఒక చోటు కేటాయించండి. బిల్లు రద్దో, సేల్స్ రిటర్నో కంప్యూటర్‌లో ఎక్కాకే గీత దాటాలి. మర్నాడు పొద్దున బిల్లింగ్ మొదలయ్యేలోపు ఆ గీత లోపల ఏమీ మిగలకూడదు. సరుకు వచ్చేసి బిల్లు రద్దు కాకపోతే స్టాకు ఎక్కువ తేలుతుంది, షాపు ఖాతాలో లేని బాకీ నిలుస్తుంది. బిల్లు రద్దయి సరుకు రాకపోతే అది సొమ్ము నష్టం. నాలుగు రోజుల తర్వాత ఎవర్ని అడిగినా ‘ఆ రోజే దించేశాం సార్’ అంటారు.

షాపాయన తీసుకున్నది తీసుకున్నట్టు, తగ్గించుకున్నది కొట్టివేసి బిల్లు మీద సంతకం పెట్టాలి. నోటిమాట వాపసులు ఒప్పుకోవద్దు.

రోజుకు పది ఐటెమ్‌లు

ఏడాదికోసారి గోడౌన్ మూసి లెక్కపెట్టడం కన్నా రోజూ అరగంట లెక్క మేలు. ముందు ఐటెమ్‌లను మూడు గుంపులు చేయాలి. గత 3 నెలల అమ్మకాన్ని రూపాయల్లో తీసి పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. పైనుంచి కూడుకుంటూ వస్తే మొత్తం అమ్మకంలో 80 శాతం వచ్చేవరకు ఉన్నవి మొదటి గుంపు. ఆ తర్వాతి 15 శాతం రెండోది, మిగతాది మూడోది.

400 ఐటెమ్‌లలో మొదటి గుంపు 60, రెండోది 120, మూడోది 220 అనుకుందాం. మొదటి గుంపును 12 పనిదినాలకోసారి లెక్కపెట్టాలంటే రోజుకు 5. రెండో గుంపు 50 పనిదినాలకోసారి అయితే రోజుకు 2 లేదా 3. మూడోది 100 పనిదినాలకోసారి, అదీ 2 లేదా 3. కలిపి రోజుకు దాదాపు పది. విలువ తక్కువైనా చిన్నగా, జేబులో పట్టేలా ఉన్నవాటిని, బ్లేడ్లు, బ్యాటరీలు, చిన్న క్రీములు లాంటివాటిని, మొదటి గుంపులోకి ఎక్కించండి.

సాయంత్రం వాపసులన్నీ ఎంట్రీ అయ్యాక, లేదా తెల్లారి లోడు కట్టకముందు లెక్కపెట్టాలి. ఆ అరగంట సరుకు కదలకూడదు, బిల్లు పడకూడదు. లెక్క చీటీ మీద కంప్యూటర్ అంకె ఉండకూడదు, ఐటెమ్ పేరు, ఎంఆర్‌పీ, ఖాళీ గడి చాలు. ఏ పది ఐటెమ్‌లు లెక్కపెడతారో ముందురోజు గోడౌన్‌కు తెలియనివ్వకండి. సరుకు తక్కువున్నప్పుడు లెక్క సులువు కాబట్టి కొత్త లోడు దిగే ముందురోజు ఆ కంపెనీ ఐటెమ్‌లు పెట్టుకుంటే శ్రమ సగం తగ్గుతుంది. కంప్యూటర్‌లో ఏ ఐటెమ్ అయినా మైనస్‌లోకి వెళితే వంతు కోసం ఆగొద్దు, అదే రోజు లెక్కపెట్టాలి. లేని సరుకు అమ్ముడుపోదు కాబట్టి ఎక్కడో ఎంట్రీ తప్పిందని కంప్యూటరే చెబుతోంది.

ఒక ఐటెమ్‌కు విప్పిన కేసు ఒక్కటే ఉండాలి. అది ఎప్పుడూ ముందు వరసలో, పైన. ఈ ఒక్క నియమం పాటిస్తే లెక్కపెట్టే సమయం చాలా తగ్గుతుంది, ఎందుకంటే మిగతావన్నీ సీలు చూసి కేసులుగా లెక్కేయొచ్చు. ఖాళీ అయిన పెట్టెను వెంటనే విప్పి చదునుగా నొక్కేయాలి. దొంతరలో నిలబెట్టిన ఖాళీ పెట్టె లెక్కలో నిండు కేసుగా చేరిపోతుంది. దొంతరలో అడుగు కేసుల్ని ఒకసారి కదిపి చూడండి, సీలు కింది వైపు కూడా ఉందో లేదో చూడండి.

ఎంత బాగా నడుస్తోందో తెలియాలంటే రూపాయల నికర తేడా చూడకండి. ఒకదానిలో 4,800 తక్కువ, ఇంకొకదానిలో 4,500 ఎక్కువ అయితే నికరం 300 మాత్రమే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తప్పు జరిగింది 9,300 రూపాయల మేర. ప్లస్, మైనస్ కొట్టేయకుండా కూడాలి. దానితోపాటు, లెక్కపెట్టిన ఐటెమ్‌లలో ఎన్ని పీసుతో సహా సరిపోయాయో రాసుకుంటే చాలు.

డ్యామేజీ, గడువు తీరినవి

పగిలిన సీసా, ఎలుక కొట్టిన బిస్కెట్ ప్యాకెట్టు పాడైన రోజే ర్యాకు నుంచి డ్యామేజీ మూలకు, కంప్యూటర్‌లో డ్యామేజీ గోడౌన్‌కు మారాలి. కంపెనీకి క్లెయిమ్ పంపేటప్పుడు చూద్దామని ఆపితే నెలంతా అమ్మకపు స్టాకులోనే కనబడుతుంది. పాడుచేసినవాణ్ని తిట్టే గోడౌన్‌లో పాడైన సరుకు దొంతర వెనక్కి చేరుతుంది, ఆరునెలలకు బయటపడుతుంది. ‘చెప్పినందుకు జరిమానా లేదు, దాచితేనే’ అన్న మాట ఒకసారి గట్టిగా చెప్పి, దాని మీద నిలబడాలి.

ముందు గడువు తీరేది ముందు వెళ్లాలి, ముందు వచ్చింది కాదు. కంపెనీ డిపో నుంచి ఒక్కోసారి పాత బ్యాచ్ వెనకాలే వస్తుంది. గడువు నెల, సంవత్సరం కేసు ముఖం మీద అరచేతి ఎత్తు అంకెల్లో రాయించండి. గోడకు ఒక అడుగు దూరం, నేలకు చెక్క ప్యాలెట్, సబ్బులు, డిటర్జెంట్లకు దూరంగా టీపొడి, బిస్కెట్లు. వాసన పట్టిన టీపొడికి ఏ కంపెనీ క్లెయిమ్ ఇవ్వదు.

పోయిన, నాశనమైన, లెక్కలోంచి కొట్టేసిన, బహుమతిగానో ఉచిత శాంపిల్‌గానో ఇచ్చిన సరుకును స్టాకు ఖాతాలో విడిగా చూపాలని జీఎస్టీ 56వ రూలు చెబుతోంది. అలాంటి సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను 17(5) సెక్షను కింద వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది. కాబట్టి ‘తేడా’ అని ఒకే ఖాతాలో అన్నీ పోయకండి.

చేతివాటం అనుమానం వస్తే

పైవన్నీ సరిచూశాక కూడా ఒకే రకం ఐటెమ్‌లు, చిన్నవి, ఖరీదైనవి, ఎప్పుడూ మైనస్‌లోనే వస్తూ, వాటికి జతగా ఎక్కడా ప్లస్ కనిపించకపోతే అప్పుడు అనుమానించొచ్చు. ఎవరినీ ఏమీ అనకుండా ఆ నాలుగైదు ఐటెమ్‌లను పొద్దున, సాయంత్రం రెండుపూటలా లెక్కపెట్టండి. ఏ పూట తగ్గుతోందో తెలిస్తే ఎవరు ఉన్న పూటో తెలుస్తుంది. వాటిని తాళం వేసే జాలీ అరలోకి మార్చి, తాళం ఒక్కరి దగ్గరే ఉంచండి. ఆ రోజు నుంచి తరుగు ఆగిపోతే మీకు జవాబు దొరికినట్టే. ఆగకపోతే అది ఎంట్రీ తప్పే, మళ్లీ మొదటికి రండి. ఆధారం లేకుండా ఒక మాట జారితే మంచి పనివాడు మానేస్తాడు, ఉన్నవాళ్లు నోరు విప్పరు.

దిద్దుబాటు ఎంట్రీ

కారణం తేలింది, తప్పు ఎంట్రీ దొరికింది అంటే దాన్నే సరిచేయాలి, విడిగా దిద్దుబాటు వేయకూడదు. రెండూ చేస్తే తేడా ఎదురు తిరుగుతుంది. ఇప్పటికే జీఎస్టీ రిటర్నులో వెళ్లిపోయిన బిల్లును మాత్రం ముట్టుకోవద్దు, క్రెడిట్ నోట్‌తో సరిచేయండి.

రెండు పూర్తి రోజులు వెతికినా కారణం తేలకపోతే దిద్దండి. ట్యాలీలో ఫిజికల్ స్టాక్ వోచర్ సులువే గానీ అందులో ఓ చిక్కుంది. ఆ తేదీకి మీరు చెప్పిన అంకెనే నిలబెడుతుంది కాబట్టి, తర్వాత ఎవరైనా పాత తేదీతో బిల్లు ఎక్కిస్తే దాని ప్రభావం అక్కడే మింగుడుపడిపోతుంది, మీకు తెలియదు. దానికి బదులు స్టాక్ జర్నల్ అనే ఎంట్రీలో ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని రాసి, వివరణలో కారణం కోడ్ పెట్టడం మేలు: యూనిట్, స్కీమ్, మారు, షార్టేజ్, తెలియదు. నెలాఖరున ‘తెలియదు’ కింద ఎంత పడిందో చూడండి. ఎంట్రీ వేసేది అకౌంటెంట్, సంతకం పెట్టేది యజమాని, లెక్కపెట్టినవాడు ఆ రెండింటిలో దేనికీ దగ్గరకు రాకూడదు.

స్టాకు అంకె నమ్మదగినదయ్యాకే మళ్లీ ఆర్డరు పెట్టే మట్టం లెక్కకు అర్థం ఉంటుంది. రోజుకు సగటున 6 కేసులు పోతూ, సరుకు రావడానికి మామూలుగా 4 రోజులు పడితే ఆ నడుమ కావాల్సింది 24. ఎక్కువ పోయిన రోజు 9, బాగా ఆలస్యమైతే 6 రోజులు, అంటే 54. స్టాకు 54 కేసులకు దిగగానే ఆర్డరు పెట్టాలి, అందులో 30 ఆపద్ధర్మ నిల్వ. ఇది మొదటి గుంపుకే చేయండి. నెలకు రెండు కేసులు పోయే ఐటెమ్‌కు ఈ లెక్క వేస్తే డబ్బంతా గోడౌన్‌లో ఇరుక్కుంటుంది.

మార్చి 31

రోజూ లెక్కపెట్టే గోడౌన్‌కు ఏడాది చివర భయం ఉండదు గానీ తేదీల దగ్గర జాగ్రత్త పడాలి. నెలాఖరు టార్గెట్ కోసం కంపెనీ మార్చి 30న ఇన్‌వాయిస్ కొట్టి పంపుతుంది, లారీ ఏప్రిల్ 2న దిగుతుంది. ఆ ఇన్‌వాయిస్‌ను మార్చి కొనుగోళ్లలో చూపితే సరుకును ‘దారిలో ఉన్నది’ అనే విడి గోడౌన్‌లో ఉంచాలి, లెక్క చీటీలో కాదు. అలాగే మార్చి 31 సాయంత్రం బిల్లయి ఆటోలో నిద్రపోయిన సరుకు అమ్మినదే, దాన్ని స్టాకులో మళ్లీ లెక్కపెట్టకూడదు. ఆఖరి కొనుగోలు ఇన్‌వాయిస్ నంబరు, ఆఖరి అమ్మకం బిల్లు నంబరు, ఆఖరి సేల్స్ రిటర్న్ నంబరు లెక్క మొదలుపెట్టే ముందే చీటీ పైన రాసి ఉంచండి. ఆడిటరు మొదట అడిగేవి ఆ మూడే.